తపాలా గుమాస్తా నవలలు రాసిన ముచ్చట

విక్టోరియా రాణి కాలపు నవలాకారుడు అనగానే మీ మాస్టారు డికెన్స్ పేరు చెప్పి ఉంటారు. చెప్పనీండి, ఆయన గొప్పవాడే. నేను చెప్పబోయేది మాత్రం ఇంకొకాయన సంగతి. తెల్లవారుజామున నవల రాసుకుని, ఫలహారం చేసి, గుర్రమెక్కి, ఊళ్ళలో పోస్టుమాన్లు సరిగ్గా తిరుగుతున్నారో లేదో చూసి రావడానికి బయల్దేరే ఉద్యోగి. పేరు ఆంథొనీ ట్రాలప్. నోరు తిరక్కపోతే తిరిగేదాకా అనండి, నాకేం తొందర లేదు.

1815 ఏప్రిల్‌లో లండన్‌లో పుట్టాడు. వాటర్లూలో నెపోలియన్ ఓడిపోవడానికి రెండు నెలల ముందన్నమాట. తండ్రి బారిస్టరు. బోలెడు చదువు, అంతకు మించిన ముక్కోపం. కేసులు తెచ్చిపెట్టే వాళ్ళమీదే విరుచుకుపడితే కేసులెవరిస్తారు? ఒక్కొక్కరే జారుకున్నారు. అయినా ఆయనకు దిగుల్లేదు. పిల్లల్లేని మేనమామ ఒకాయనకు పెద్ద ఎస్టేటు ఉంది, అది నాకు కాక ఎవరికి వస్తుందని ధీమా. ఆ ధీమామీదే హారో అనే ఊళ్ళో పొలం కౌలుకు తీసుకుని పెద్ద ఇల్లు కట్టాడు. ఇంతలో ఆ మేనమామ భార్య పోయింది. ముసలాయన పడుచుపిల్లను పెళ్ళాడి వరసగా పిల్లల్ని కన్నాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

సేద్యం తెలియని సేద్యగాడికి పొలం ఏం మిగులుస్తుంది? అటు పొలం మునుగుతుంటే ఇటు ఆయన తలనొప్పికి మందు మింగుతూ క్రైస్తవ మఠాల గురించీ, సన్యాసుల గురించీ ఒక మహా నిఘంటువు రాస్తూ కూర్చున్నాడు. అందులో కొంత భాగమే అచ్చయింది, మిగిలింది ఆయనతోనే పోయింది. మీరు నవ్వుతున్నారు గానీ, పాపం, అంత కష్టపడి ఏదీ సాధించలేని మనుషుల్ని నేనూ చూశాను.

ఇహ బడి సంగతి. హారోలో ప్రభువుల బిడ్డలు చదివే పెద్ద బడి ఉండేది. ఆ ఊరివాళ్ళ పిల్లల్ని మాత్రం దాదాపు ఉచితంగా చేర్చుకునే ఏర్పాటు ఉంది. మింగమెతుకు లేదు, మీసాలకు సంపెంగనూనె అన్నట్టు మన ఆంథొనీని అందులో వేశారు. తోటిపిల్లలు గుర్రాలమీద తిరిగేవాళ్ళు, వీడు బురదదారుల్లో నడిచి వెళ్ళేవాడు. ఒకసారి హెడ్‌మాస్టరే వీధిలో ఆపి, ఇంత మురికి కుర్రాడు మా బడివాడేనా అని అడిగాడట. తరవాత వించెస్టర్ బడికి మార్చారు. అక్కడ చిన్నవాణ్ణి పెద్దవాడి అజమాయిషీలో పెట్టే పద్ధతి. వీడి ఖర్మకొద్దీ ఆ పెద్దవాడు సొంత అన్న. దొడ్డు కర్ర పట్టుకుని రోజూ బాదేవాడు. మాస్టార్ల దెబ్బలు వేరే ఖాతా. ఆ బడిలో రోజుకు అయిదుసార్లు బెత్తం దెబ్బలు తినడానికి వీలుందనీ, ఆ వీలును తాను వాడుకున్నాననీ పెద్దయ్యాక తానే రాశాడు. ఫీజు కట్టలేదని తెలిసి బజారులో దుకాణదారులు వీడికి అరువివ్వడం మానేశారు. అది తోటిపిల్లలకు తెలిసింది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

అలా పన్నెండేళ్ళు చదివి పంతొమ్మిదేళ్ళవాడు బయటపడేసరికి నేర్చుకున్నది కొంచెం లాటిను, ఇంకొంచెం గ్రీకు. ఎక్కాలు రావు. మీలో ఎవరికో సంతోషంగా ఉన్నట్టుంది, ముందు పూర్తిగా వినండి.

ఇంటిని నిలబెట్టింది వాళ్ళమ్మ ఫ్రాన్సిస్. 1827లో కొందరు పిల్లల్ని వెంటబెట్టుకుని అమెరికా వెళ్ళింది. సిన్సినాటి అనే ఊళ్ళో బజారు కట్టించి, గుండుసూదుల దిండ్లు, మిరియాల డబ్బాలు, జేబుకత్తులు అమ్ముదామని ఆలోచన. ఒక్కటీ కదల్లేదు. ఉన్నదంతా ఊడ్చుకుపోయి 1831లో తిరిగొచ్చింది. మరొకరైతే తలుపేసుకుని ఏడ్చేవాళ్ళే. ఆవిడ కలం పట్టింది. అమెరికావాళ్ళు గబగబా మింగడం, ఎక్కడపడితే అక్కడ పొగాకు ఉమ్మెయ్యడం, ఇలాంటివన్నీ దంచి పుస్తకం రాసింది. 1832లో అచ్చయింది. అమెరికావాళ్ళకు ఒళ్ళు మండింది, ఇంగ్లండులో చేతులు మారుతూ తిరిగింది. అప్పటికావిడకు యాభై దాటాయి. అక్కణ్ణుంచి డెబ్భై దాటేదాకా ఆపలేదు.

ఆవిడ డబ్బు తెచ్చినా పాత అప్పులు వదల్లేదు. 1834లో ఒకరోజు తండ్రి, బండి కట్టు, లండన్ వెళ్ళాలి అన్నాడు. సగం దారిలో గానీ కొడుక్కి తెలియలేదు, నాన్న ఓడెక్కి బెల్జియం పారిపోతున్నాడని. ఉండిపోతే అప్పులవాళ్ళు జైల్లో పెట్టిస్తారు, ఆ రోజుల చట్టం అలాంటిది. తండ్రిని దింపి కుర్రాడు తిరిగొస్తుంటే ఇంటి దగ్గర తోటమాలి ఎదురొచ్చి, జప్తువాళ్ళు వచ్చారు, లోపలికొస్తే గుర్రం, బండి పోతాయని చెవిలో ఊదాడు. వీడు తెలివిగా బండి తిప్పుకుని ఊళ్ళోకి పోయి ఇనపసామాన్ల కొట్టతనికి పదిహేడు పౌన్లకు అమ్మేశాడు. ఆ పెద్దమనిషి, మీ ఇంటినుంచి నాకు రావలసింది కూడా సరిగ్గా పదిహేడేనయ్యా అని ఒక్క పెన్నీ ఇవ్వకుండా పంపించాడు. ఈలోగా ఇంట్లో చెల్లెళ్ళూ, పక్కింటి అమ్మాయిలూ గాజుసామాను, వెండి, పుస్తకాలు ఒళ్ళో వేసుకుని కంచె సందులోంచి పక్కింటికి దాటిస్తున్నారట. జప్తు అమీను ముందు వాకిట్లో, సామాను పెరటిదారిన.

బెల్జియంలో ఆ తల్లి పడ్డ పాట్లు ఏం చెప్పను. క్షయతో కొడుకు, జబ్బుతో భర్త, ఆపైన కూతురు. పగలంతా సేవ, రాత్రుళ్ళు నవల. మందుసీసా పక్కనే సిరాబుడ్డి. పదిహేను నెలలు తిరక్కుండానే ముగ్గురూ పోయారు. నవలలు మాత్రం గడువు తప్పలేదు, ఎందుకంటే మిగిలినవాళ్ళ తిండి అందులోంచే రావాలి. ఆంథొనీ తెల్లవారుజామున లేవడం ఎక్కడ నేర్చుకున్నాడని వేరే అడగక్కర్లేదు. ఆవిడ నాలుగింటికే లేచేది.

1834 చివర్లో ఎవరి సిఫారసుతోనో లండన్ జనరల్ పోస్టాఫీసులో గుమాస్తా పని దొరికింది. పరీక్ష ఏమిటంటే, టైమ్స్ పత్రికలోంచి నాలుగు ముక్కలు ఎత్తి రాయమని పాత ఈకకలం ఇచ్చారు. మనవాడు సిరా మరకలు, అచ్చుతప్పులు కలిపి రాశాడు. లెక్కలొచ్చా అన్నారు. కొంచెం అన్నాడు. రేపు ఇంటిదగ్గర చక్కగా రాసి పట్టుకురా అన్నారు. రాత్రంతా కూర్చుని అందంగా రాసుకెళితే దాని మొహం చూసినవాడు లేడు. తిన్నగా తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టారు. మీ అన్నయ్య ఏళ్ళతరబడి పోటీపరీక్షలకు చదువుతున్నాడు కదా, వాడికి ఈ ముక్క చెప్పకండి, మనసు కష్టపెట్టుకుంటాడు.

జీతం ఏడాదికి తొంభై పౌన్లు. ఆ లెక్క మీకు తెలియదు. అప్పట్లో పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌను. మనకు ఒకప్పుడు పదహారణాలు రూపాయి అయినట్టే. ఆ కాలంలో పౌనుకు మన రూపాయలు దాదాపు పది వచ్చేవి. అంటే నెలకు డెబ్భై అయిదు రూపాయలు. మన దేశంలో అయితే దొరగారి బతుకే, లండన్‌లో మాత్రం కుర్రగుమాస్తాకు చాలీచాలని సొమ్ము. దర్జీకి పన్నెండు పౌన్లు బాకీపడ్డాడు. ఆ బాకీకి రాసిచ్చిన నోటు ఒక వడ్డీవ్యాపారి చేతికి పోయింది. కాస్త చేబదులు కూడా ఆయన దగ్గరే తీసుకున్నాడు. ఆ పెద్దమనిషి రోజూ ఆఫీసుకే వచ్చి కుర్చీ వెనకాల నిలబడి, సమయానికి కట్టడం నేర్చుకోవాలి నాయనా అని మెత్తగా నీతి చెప్పేవాడు. అసలుకంటే వడ్డీ ముద్దు! చివరికి లెక్క రెండువందల పౌన్లు దాటింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఆడపిల్లలు నవ్వకూడదు. ఏదో పల్లెటూరి అమ్మాయి ఇతన్ని పెళ్ళాడాలని ముచ్చటపడింది. ఇతను ఔనని అనలేదట, కాదనే ధైర్యమూ చేయలేదట. ఒకరోజు ఆ పిల్ల తల్లి చేతికి పెద్ద బుట్ట తగిలించుకుని, నెత్తిన గంపంత టోపీతో, బంట్రోతు వద్దంటున్నా నెట్టుకుని ఆఫీసులోకి వచ్చింది. ఆరేడుగురు గుమాస్తాల నడుమ నిలబడి, మా అమ్మాయిని ఎప్పుడు చేసుకుంటావని గట్టిగా అడిగింది. ముసలితనంలో కూడా ఆ ఘట్టం తలుచుకుంటే రోమాలు నిక్కబొడుచుకునేవట ఆయనకు.

సరే, ఆ గుమాస్తాగిరీ రోజుల్లోనే ఒక పెద్ద మార్పు వచ్చింది. అంతకుముందు ఇంగ్లండులో దాదాపు ప్రతి ఉత్తరమూ బేరంగు ఉత్తరమే. రాసినవాడు హాయిగా రాసి పడేస్తాడు, అందుకున్నవాడు డబ్బు కట్టాలి. దూరాన్ని బట్టి, కాగితాల లెక్కను బట్టి రేటు. లండన్ నుంచి ఎడింబరోకు ఒక్క కాగితానికే షిల్లింగు పైమాట. కవరు వేస్తే అదీ ఒక కాగితమే. అందుకని కవరు లేకుండా మడిచి లక్కముద్ర వేసేవాళ్ళు. పొదుపరులు కాగితం నిండా రాశాక, దాన్ని అడ్డంగా తిప్పి అదే రాతమీద మళ్ళీ రాసేవాళ్ళు. చదివేవాళ్ళ కళ్ళు ఏమైపోయినా పరవాలేదు, డబ్బు మిగలాలి. పార్లమెంటు సభ్యులకేమో సంతకం పెడితే ఉచితం, ఇక వాళ్ళ చుట్టాలకు కొదవా? 1840లో రోలండ్ హిల్ అనే ఆయన పట్టుదలతో ఇవన్నీ పోయాయి. దేశంలో ఎక్కడికైనా ఒక పెన్నీ, అదీ ముందుగా బిళ్ళ అంటించి. మన దేశంలో అర్ధణా బిళ్ళ 1854లో వచ్చింది, ఆ ఇంగ్లండు పెన్నీ చూసే. మన ట్రాలప్‌కు ఆ హిల్ అంటే జన్మలో పడలేదు. ఆ తగాదాలు ఎత్తితే రాత్రి చాలదు.

1841లో ఐర్లండు పల్లెల్లో పని ఖాళీ పడింది. అక్కడికెళ్ళడానికి ఎవడూ ముందుకు రాలేదు. ఇతను నేను పోతానన్నాడు. పైఅధికారి పీడా పోయిందనుకుని పంపడమే కాక, వీడు పనికిరానివాడని అక్కడికి ముందే ఉత్తరం రాశాడు. విచిత్రం ఏమిటంటే, లండన్‌లో రోజూ ఆలస్యంగా వచ్చిన మనిషే ఐర్లండు నేలమీద కాలుపెట్టగానే పనిమంతుడైపోయాడు. జీతం వంద పౌన్లే గానీ, ఊరు దాటితే రోజుకు పదిహేను షిల్లింగులు, మైలుకు ఆరు పెన్నీలు భత్యం. ఏడాది తిరిగేసరికి నాలుగు వందలు చేతికొచ్చేవి. గుర్రం కొన్నాడు, నక్కలవేటకు అలవాటు పడ్డాడు, 1844లో రోజ్ అనే అమ్మాయిని పెళ్ళాడాడు. అప్పులబాధ అక్కడితో సరి.

అక్కడి ముచ్చట ఒకటి నాకు మహా ఇష్టం. కావన్ జిల్లాలో ఒక జమీందారు, తపాలావాళ్ళు నన్ను ఘోరంగా అవమానించారంటూ ఉత్తరాలమీద ఉత్తరాలు నిప్పులు కక్కుతూ రాస్తున్నాడు. విచారించి రమ్మని ట్రాలప్‌ను పంపారు. నడి చలికాలం. పైకప్పులేని బండిలో తడిసి వణుకుతూ చేరాడు. ఆ పెద్దాయన చూసి అయ్యయ్యో అని లోపలికి లాక్కెళ్ళి, వేడినీళ్ళలో బ్రాందీ కలిపి తాగించి, గది ఇచ్చి, విందుభోజనం పెట్టాడు. ఫిర్యాదు సంగతి ఎత్తబోతే ఇప్పుడెందుకన్నాడు. కూతురి చేత పాటలు పాడించాడు. పొద్దున్న ఫలహారం అయ్యాక ఇతను కాగితాలు తీస్తే అసలు సంగతి బయటపడింది. ఫిర్యాదూ లేదు, పాడూ లేదు. పొద్దంతా ఊరికే కూర్చుంటాను, ఉత్తరాలు రాయడం నాకు సరదా అన్నాడు. ఏమీ తోచనమ్మ తోటికోడలి పుట్టింటికి వెళ్ళిందట. ఫిర్యాదుదారు తృప్తి చెందారని రిపోర్టు రాసి పంపాడు మన ట్రాలప్. అందులో అబద్ధం ఏముంది?

తరవాత ఇంగ్లండు పడమటి జిల్లాల్లో పల్లెపల్లెకూ తపాలా దారులు వేసే పని అప్పగించారు. పోస్టుమాన్‌ను రోజుకు పదహారు మైళ్ళకు మించి నడిపించకూడదని నిబంధన. దూరాలు తానే గుర్రంమీద తిరిగి కొలిచేవాడు. ఎర్రకోటు వేటగాడు పొద్దున్నే వచ్చి మీ ఉత్తరాలు ఎలా వస్తున్నాయని అడుగుతుంటే రైతుల పెళ్ళాలు తెల్లబోయేవాళ్ళు. 1851లో జెర్సీ, గెర్న్‌సీ దీవులకు వెళ్ళి, ఫ్రాన్సులో ఉన్నట్టు వీధి పక్కన ఇనపపెట్టెలు పాతితే జనం పోస్టాఫీసుదాకా పోనక్కర్లేదని రాశాడు. 1852 నవంబరులో జెర్సీలో నాలుగు పాతారు. బ్రిటను దీవుల్లో అవే మొదటివి. కొన్నాళ్ళు ఆకుపచ్చ రంగు వేశారు. 1874 నుంచి ఎరుపు. మన ఊరి పోస్టుడబ్బా రంగు ఆ వంశంలోంచి వచ్చిందే. ఆయన నవల ఒకదాంట్లో ఒక ముసలమ్మ ఉంటుంది, ఆ ఇనపపెట్టెలో వేసిన ఉత్తరం చేరుతుందంటే చచ్చినా నమ్మదు. తాను పెట్టించిన డబ్బామీద తానే వేళాకోళం.

నవలల సంగతి ఇంత ఆలస్యంగానా అంటారా? ఆయనకూ ఆలస్యమే అయింది. 1847లో మొదటి నవల, పైసా రాలలేదు. 1855లో వచ్చిన 'ది వార్డెన్'కు రెండేళ్ళలో చేతికొచ్చింది ఇరవై పౌన్లు. రాళ్ళు కొట్టుకున్నా అంతకంటే ఎక్కువే వచ్చేదని విసుక్కున్నాడు. కానీ వదల్లేదు. ఆ రోజుల్లో నవల అంటే మూడు సంపుటాలు, వెల ముప్పై ఒకటిన్నర షిల్లింగులు. మన లెక్కలో పదిహేను రూపాయల పన్నెండణాలు! కొనేదెవరు? అందరూ ఏడాదికి ఇరవైయొక్క షిల్లింగుల చందా కట్టి మ్యూడీ గ్రంథాలయం నుంచి తెచ్చుకుని చదివేవాళ్ళు. 1860లో 'కార్న్‌హిల్' అనే పత్రిక ఒక్క షిల్లింగుకే బయల్దేరింది. దాని సంపాదకుడు థాకరే, మన కలకత్తాలో పుట్టినవాడే. మొదటి సంచిక లక్ష పైచిలుకు పోయింది. అందులో మన గుమాస్తా సీరియల్‌కు వెయ్యి పౌన్లు ఇచ్చారు.

ఎలా రాసేవాడో చెబితే మీ మాస్టార్లు మిమ్మల్ని వదలరు. ముసలి గుర్రాలవాడికి ఏడాదికి అయిదు పౌన్లు అదనంగా ఇచ్చి, తెల్లారి లేపి కాఫీ ఇమ్మనేవాడు. వాడు ఒక్కరోజూ దయ చూపలేదు. అయిదున్నరకు బల్ల దగ్గర కూర్చోవాలి. మొదటి అరగంట నిన్న రాసింది చదవడం. తరవాత గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు రెండువందల యాభై మాటలు. ఎన్ని పేజీలయ్యాయో రోజూ చిట్టాలో ఎక్కించేవాడు. రైల్లో ఒళ్ళో పలక పెట్టుకుని పెన్సిలుతో గీకితే, భార్య దాన్ని చక్కగా ఎత్తి రాసేది. 1858లో ఈజిప్టు పంపారు. సూయజ్ కాలువ ఇంకా తవ్వలేదు, మన దేశానికి వచ్చే ఇంగ్లండు టపా అలెగ్జాండ్రియాలో దిగి రైల్లో సూయజ్ చేరి మళ్ళీ ఓడెక్కాలి. ఆ రైలు ఒప్పందం ఇతని పని. అక్కడి అధికారి నూబర్ రోజూ నౌకర్లు, హుక్కాలు, కాఫీలతో హోటలుకొచ్చి రెండురోజుల గడువు కావాలని బతిమాలాడు. ఇతను కాఫీ తాగుతూ ఒకరోజే అన్నాడు. చివరికి ఒకరోజే అయింది. ఆ ఓడ ప్రయాణంలో కడుపులో తిప్పినప్పుడు లేచి పరుగెత్తి, వాంతి చేసుకుని వచ్చి మళ్ళీ రాశాడు. ఆ నవల ముగిసిన మర్నాడే ఇంకోటి మొదలుపెట్టాడు.

ఒకనాడు క్లబ్బులో రాసుకుంటుంటే ఇద్దరు పాదుర్లు పక్కన కూర్చుని, ఈయన ప్రతి కథలోనూ పాత మనుషుల్నే తెస్తాడు, ముఖ్యంగా ఆ బిషప్పు గారి పెళ్ళాం ప్రౌడీతో విసుగెత్తిపోయిందని తిడుతున్నారు. ఇతను లేచి, ఆ ట్రాలప్‌ను నేనే, ఇంటికి పోయి వారంలోగా ఆవిణ్ణి చంపేస్తానన్నాడు. పాదుర్లు బిక్కచచ్చిపోయి వద్దండీ అన్నారు. అన్నంత పనీ చేశాడు, 1867లో వచ్చిన నవలలో ఆవిడ పోయింది. తరవాత తానే బెంగపెట్టుకున్నాడు.

ఆ ఏడే ఉద్యోగమూ వదిలేశాడు, తనకు రావలసిన పదవి మరొకరికి ఇచ్చారని అలక. పింఛను పోయింది. మరుసటి ఏడు పార్లమెంటుకు పోటీచేసి బెవర్లీ అనే ఊళ్ళో అందరికంటే తక్కువ ఓట్లు తెచ్చుకున్నాడు. ఓట్ల కొనుగోలు అంత బాహాటంగా జరిగే ఊరది. రెండేళ్ళకు ఆ ఊరికి సభ్యుణ్ణి పంపే హక్కే తీసేశారు.

1882 నవంబరులో బావమరిది ఇంట్లో భోజనాలయ్యాక ఎవరో నవ్వులకథ చదువుతుంటే అందరితో పాటు పగలబడి నవ్వుతూ పక్షవాతం వచ్చి ఒరిగాడు, నెల దాటాక పోయాడు. రాసినవి 47 నవలలు. కొడుక్కి ముందే అప్పగించి ఉంచిన ఆత్మకథ 1883లో అచ్చయింది. అందులో ఏ పుస్తకానికి ఎంతొచ్చిందో వరసగా పద్దు వేసి, మొత్తం 68,939 పౌన్ల 17 షిల్లింగుల 5 పెన్నీలని తేల్చాడు. స్ఫూర్తి కోసం రచయిత కాచుకోవడమంటే చెప్పులు కుట్టేవాడు పూనకం కోసం కాచుకోవడం లాంటిదన్నాడు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. నిన్నటిదాకా ఆ నవలలు చదివి కళ్ళు తుడుచుకున్న వాళ్ళే, గడియారం చూసి రాశాడా, చిట్టా పెట్టాడా అని ముక్కు విరిచారు. చదివినప్పుడు లేని లోపం లెక్క చూశాక కనబడింది. ఆ పెద్దమనుషుల్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. చాలా ఏళ్ళు ఆయన పేరు అటకెక్కింది. రెండో ప్రపంచయుద్ధంలో నెత్తిన బాంబులు పడుతున్నప్పుడు ఇంగ్లండువాళ్ళు మళ్ళీ దించి చదువుకున్నారు.

మొదలుపెడితే 'ది వార్డెన్'తో మొదలుపెట్టండి, సన్నగా ఉంటుంది. పన్నెండుమంది దిక్కులేని ముసలివాళ్ళ సత్రానికి పెద్దగా ఉండి ఏడాదికి ఎనిమిదివందల పౌన్లు తీసుకునే ఒక మంచి పాదిరీ కథ. ఆ డబ్బు తనకు న్యాయమా అని ఆయనకే సందేహం వస్తుంది. ఏమీ పాలుపోనప్పుడు సెల్లో అనే పెద్ద ఫిడేలును చేతుల్లో లేకుండానే వాయించుకుంటాడు. ఏం చేశాడో నేను చెప్పను. ఆ మాత్రం మీరు చదవండి.